వారసత్వ ఉద్యోగం

భూపాలపల్లిలో బొగ్గు గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. సురేందర్ ఆ బాయి దిగడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. వారానికి ఆరు రోజులు నెత్తిన లైటు టోపీ పెట్టుకుని, నడుముకు బ్యాటరీ కట్టుకుని నేల కిందికి నడిచిపోతాడు. ఏడో రోజు ఆదివారం. ఆ రోజు క్వార్టర్ ముందున్న పిట్టగోడ మీద ఏ పనీ చేయకుండా కూర్చుని ముఖానికి ఎండ తగిలించుకుంటాడు. "వడియాలు ఎండినట్టు ఎండుతున్నవు గదా" అని భార్య జమున నవ్వుతుంది.

కార్తీకం వెళ్లిన తరువాత వచ్చిన ఒక ఆదివారం ఆ ఎండ కూడా దక్కలేదు. కూతురు గీత ఐదో తరగతి చదువుతోంది. రేగొండ దిక్కు గుట్టల్లో వేల ఏళ్ల కిందటి మనుషులు రాళ్ల మీద ఎర్ర రంగుతో బొమ్మలు వేశారని బడిలో సోషల్ టీచర్ చెప్పింది. అప్పటి నుంచి ఆ పిల్ల ఒకటే పోరు.

"పోయిన ఆదివారం గూడ వచ్చే ఆదివారమన్నవు బాపు."

"అన్న. పోదాం పా."

జమునకు మహిళా సంఘం మీటింగు ఉంది. రెండు జొన్న రొట్టెలు, టమాట తొక్కు డబ్బాలో పెట్టి ఇచ్చి, చలిగా ఉందని పిల్లకు ఉన్ని స్వెట్టరు తొడిగింది. క్వార్టర్ బయట రేకుల కింద నులక మంచం మీద సురేందర్ తండ్రి భిక్షం కూర్చుని ఉన్నాడు. బండి స్టార్ట్ చేస్తుంటే తల ఎత్తి, తమ ఇంటి భాషలో, లంబాడీలో అన్నాడు, "గుహలల్లకు పోకుండ్రి. బయట బయటనే చూసి రాండ్రి." గీత తెలుగులో "సరే దాదా" అంది. సురేందర్ వినిపించుకోనట్టే గేరు వేశాడు.

తండ్రితో అతను అవసరానికి మించి మాట్లాడక చాలా కాలమైంది. గొడవపడి కాదు. అన్నం తిన్నవా, గోలీ వేసుకున్నవా, గంతే. అంతకు మించి నోరు తెరిస్తే ఏం బయటికి వస్తుందో అతనికి తెలుసు, అందుకే తెరవడు.

వాళ్లది నర్సింహులపేట దగ్గర ఒక తండా. అప్పట్లో బాయిలో పనిచేసే భిక్షం రెండు వారాలకోసారి ఇంటికి వచ్చి పోతుండేవాడు. సురేందర్ ఇంటర్ తప్పి, లైసెన్సు తీసుకుని, జనగామలో ఒక ఆసామి దగ్గర డీసీఎం వ్యాను నడపడానికి కుదిరాడు. కొడకండ్ల నుంచి పత్తి, ఎండాకాలం పుచ్చకాయలు, ఒక్కోసారి పెళ్లి సామాను. రెండు కిటికీల అద్దాలూ దించుకుని, మోచెయ్యి బయట పెట్టి, తెల్లవారుజామున హైదరాబాద్ రోడ్డు మీద పోతుంటే ఆ గాలికి చొక్కా బెలూన్ లాగా ఉబ్బేది. ఇరవై ఐదేళ్ల వయసు. ఇంకో రెండేళ్లు కష్టపడితే సొంత బండి పెట్టుకోవచ్చని ఆశ.

అప్పుడొక రోజు తండ్రి ఫోన్ చేశాడు. "నాకు మెడికల్ అన్‌ఫిట్ అయింది. నా కొలువు వారసత్వం కింద నీ పేరు మీద రాసిచ్చిన. ఆసామికి చెప్పి వచ్చెయ్" అన్నాడు. వస్తావా అని అడగలేదు. తల్లి గంగాబాయి తండా అంతా బెల్లం పంచింది. అందరూ అదృష్టవంతుడన్నారు. ఏడాది తిరగకముందే జమునతో పెళ్లయింది. కాదనడానికి ఎక్కడా సందు దొరకలేదు. ఒక్కటి మాత్రం సురేందర్ మనసులో ముల్లులా ఉండిపోయింది. పనికి పనికిరాడని కాగితం తెచ్చుకున్న తండ్రి, తండాకు వచ్చిన వారానికే యూరియా బస్తా భుజాన వేసుకుని చేనుకు నడిచాడు. ఏ జబ్బూ లేని మనిషి. మంచిగా ఉండి కూడా నా మెడకు బాయి కట్టిండు అనుకున్నాడు సురేందర్. తల్లి పోయిన తరువాత ముసలాయనను తన దగ్గరికి తెచ్చుకున్నాడు గానీ ఆ ముల్లు అలాగే ఉంది.

గుట్టలు చేరేసరికి పది దాటింది. ఎండ తెల్లగా, మెత్తగా ఉంది. చెట్ల మధ్య దారి పట్టి ఎక్కారు. గీత ముందు, సురేందర్ వెనుక. ఒక పెద్ద రాతి గొడుగు కింద బొమ్మలు కనిపించాయి. విల్లు పట్టిన మనిషి, దుప్పి, ఒక అరచెయ్యి ముద్ర. గీత తన చెయ్యి ఆ ముద్రకు దగ్గరగా, తాకకుండా, గాలిలో పెట్టి చూసింది.

"గింత చిన్నగున్నది. పిల్లగాండ్లు వేసిండ్రేమో బాపు."

"ఏమో."

"ఆళ్ల నాయిన ఎత్తుకొని వేయించిండేమో. గంత ఎత్తుల ఉన్నది గదా."

సురేందర్ నవ్వాడు. పొద్దటి నుంచి అదే మొదటి నవ్వు. కాలేజీ పిల్లల గుంపు ఒకటి ఫోటోలు దిగి అవతలి గుట్ట దిక్కు వెళ్లిపోయింది. ఇద్దరూ ఇంకొంచెం పైకి ఎక్కి ఒక చదును బండ దగ్గర ఆగారు. రొట్టెల డబ్బా మూత బిగుసుకుపోయింది. అతను వంగి దాన్ని తిప్పుతుంటే వెనుక నుంచి గీత గొంతు వినిపించింది.

"బాపు, ఈ సందుల నుంచి అటు దిక్కు ఎండ కనవడుతుంది."

తిరిగి చూసేసరికి పిల్ల చెప్పుల అడుగులు మాత్రమే కనిపించాయి. రెండు పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, నేలకు ఆనుకుని ఒక సందు ఉంది. ఆ సందులో పాకుతూ పోతోంది.

"గీతా, ఎనుకకు రా."

"దగ్గరనే బాపు. అటు దిక్కు వెళ్లి తిరిగొస్త."

చెప్పులు కూడా కనిపించకుండా పోయాయి. కాసేపు బట్ట రాతికి రాసుకుంటున్న చప్పుడు. తరువాత ఆ చప్పుడు కూడా ఆగింది.

"బాపు, రావస్తలేదు."

"ముందుకా, ఎనుకకా?"

"రెండు దిక్కులా."

సురేందర్ బండ చుట్టూ పరుగెత్తాడు. అటు వైపు సందు జానెడు కూడా లేదు. అందులోంచి చూస్తే పిల్ల వేళ్లు, దుమ్ము పట్టిన ముంగురులు, ఒక కన్ను కనిపించాయి. చెయ్యి పెట్టి వేళ్లను అందుకున్నాడు. చల్లగా ఉన్నాయి. ఇటు నుంచి లాగడానికి లేదు. స్వెట్టరు పైకి ముడుచుకుపోయి ఛాతీ దగ్గర ఉండలా అయింది. వెనక్కి కదిలినప్పుడల్లా ఇంకా బిగుస్తోంది.

"కదలకు. నేను అటు దిక్కు నుంచి వస్త."

జేబులోంచి ఫోన్ తీశాడు, సిగ్నల్ లేదు. గట్టిగా రెండు కేకలు వేశాడు, ఎవరూ పలకలేదు. మళ్లీ ఇటు వచ్చి చొక్కా విప్పాడు, బెల్టు తీసి పక్కన పడేశాడు. బోర్లా పడుకుని తల సందులో పెట్టాడు.

తల పెట్టగానే వెలుతురు పోయింది. తన శరీరమే ఆ వెలుతురుకు అడ్డం పడింది. పై బండ వీపును తాకింది. అంతే, ఊపిరి గొంతులోనే ఆగిపోయింది. తను అనుకోకుండానే చేతులు నేలను వెనక్కి నెట్టాయి. ఎప్పుడు బయట పడ్డాడో తెలియదు, మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచి గాలి మింగుతున్నాడు.

ఈ భయం అతనికి కొత్త కాదు. రెండేళ్ల కింద ఒక రోజు రెండో షిఫ్టులో, ఏ కారణమూ లేకుండా వచ్చింది. కప్పు గట్టిగా ఉంది, గాలి ఆడుతోంది, పక్కన తోటి కార్మికుడు శ్యాం ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఉన్నట్టుండి సురేందర్‌కు తన మీద ఉన్న మట్టి అంతా, చెట్లూ ఇళ్లూ రోడ్లతో సహా, ఒక్కసారి గుర్తుకొచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి షిఫ్టులో ఒకసారో రెండుసార్లో వస్తుంది. పన్ను నొప్పి దాచుకున్నట్టు దాచుకున్నాడు. జమునకు చెప్పలేదు. పోయిన నెల జమున సంబరంగా ఒక వార్త తెచ్చింది. "ఆడపిల్లలకు గూడ వారసత్వం ఇస్తున్నరట. మన గీతకు ఫికర్ లేదు." ఆ సాయంత్రం సురేందర్ మనసులో ఒక లెక్క వేశాడు. గీతకు పదేళ్లు. ఇంకో పన్నెండేళ్లయితే ఇరవై రెండు. ఆ లెక్క తేలగానే ఛాతీ మీద నుంచి ఏదో బరువు దిగినట్టు అనిపించింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

"బాపు, వస్తున్నవా?"

"వస్తున్న బిడ్డ. చెప్పులు ఇడుస్తున్న."

చెప్పులు ఎప్పుడో విడిచాడు. రెండోసారి భుజాల దాకా పెట్టాడు, మళ్లీ బయటికి వచ్చాడు. ఒళ్లంతా చెమట. డిసెంబరు ఎండలో నిలువునా తడిసిపోయి, బండకు వీపు ఆనించి కూర్చుండిపోయాడు. లోపల పది అడుగుల దూరంలో కన్నకూతురు ఉంది. పన్నెండేళ్లుగా నేల కిందే అన్నం తింటున్న మనిషి ఇక్కడ కూర్చుని ఉన్నాడు.

అలా చెమటకు తడిసి ఒక మనిషి ఎండలో కూర్చుని ఉండటం ఇంతకుముందు ఎక్కడో చూశాడు. ఎక్కడ చూశాడో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

తనకు పదేళ్లప్పుడు. భిక్షం బాయి నుంచి వచ్చి, మానుకోటకు పోయి సినిమా చూద్దామన్నాడు. తండ్రితో ఒక్కడే బయటికి వెళ్లడం సురేందర్‌కు అదే మొదటిసారి. బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాడు. భుజం మీద చెయ్యి వేసి హాలు దాకా నడిపించాడు. లోపల కూర్చున్నారు. లైట్లు ఆరిపోయాయి. బొమ్మ పడి పది నిమిషాలు కాలేదు, భిక్షం లేచి, "నువ్వు చూడు, ఇప్పుడే వస్త" అని కుర్చీల మధ్య నుంచి తడుముకుంటూ వెళ్లిపోయాడు. రాలేదు. ఆ చీకట్లో, తెలియని మనుషుల నడుమ, తెర మీద ఏం జరుగుతోందో చూడకుండా పిల్లాడు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇంటర్వెల్‌లో బయటికి పరుగెత్తితే తండ్రి సైకిల్ స్టాండ్ దగ్గర నడి ఎండలో గొంతు కూర్చుని ఉన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. "పా, ఇంటికి పోదాం" అన్నాడు. మిగతా సినిమా చూడలేదు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆయన దారి పొడుగునా ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డాడు. మరునాడు తండాలో పిల్లలు కథ చెప్పమంటే సగమే చెప్పి, మిగతా సగం తెలియక నవ్వులపాలయ్యాడు. నన్ను తీసుకుపోయి వదిలేసిండు అని ఎన్నేళ్లో కోపం ఉండేది.

ఇప్పుడు గుర్తుకొస్తుంటే ఇంకా ఎన్నో వరుసగా వచ్చాయి. నడి చలికాలంలోనూ ఆయన ఇంటి బయటే పడుకోవడం. స్నానాల గది తలుపు ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంచడం, దానికి తల్లి తిట్టడం. ఏ బంధువుల ఇంటికి వెళ్లినా గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకోవడం. తండా మనిషి, ఆరుబయట అలవాటు అనుకున్నారంతా.

లోపల నుంచి పిలుపు ఆగిపోయిందని సురేందర్‌కు అప్పుడు తెలిసింది.

"గీతా."

జవాబు లేదు.

"గీతా, మాట్లాడు."

ఏడుపు ఆపుకుంటున్న చిన్న చప్పుడు వచ్చింది. "నువ్వు పోయినవనుకున్న."

సురేందర్ బోర్లా పడుకున్నాడు. "ఎటు పోను? ఇగో, ఇక్కడనే ఉన్న. ఎక్కాలు చెప్పు. పదమూడోది చెప్పు. నాకు రాదు గదా అది. నువ్వు చెప్తుంటె నేనొస్త."

తరువాత సన్నగా మొదలైంది. "థర్టీన్ వన్ జా థర్టీన్."

తల పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచినా చీకటే కాబట్టి, మూసుకుంటే అది తన చీకటి అవుతుంది.

"థర్టీన్ టూ జా ట్వెంటీ సిక్స్."

ఒక మోచెయ్యి ముందుకు. పై బండ వీపు చర్మాన్ని గీరింది. గుండె నేలను కొడుతున్నట్టు ఉంది. వెనక్కి పో, వెనక్కి పో అంటున్నాయి కాళ్లు. పోనివ్వలేదు.

"థర్టీన్ త్రీ జా థర్టీ నైన్. వస్తున్నవా?"

"వస్తున్న. ఆపకు."

యాభై రెండు దగ్గర ఊపిరి పూర్తిగా ఆగిపోయింది. చచ్చిపోతున్నానని నిజంగానే అనుకున్నాడు. చెంప మట్టికి ఆనించి, నోట్లోకి వచ్చిన దుమ్ము ఉమ్మి, అరవై ఐదు వినిపించేదాకా అలాగే పడి ఉన్నాడు. డెబ్బై ఎనిమిది దగ్గర చేతికి చెప్పు తగిలింది. దాని వెనుక చిన్న మడమ.

"ఎవలు?" అంది గీత భయంగా.

"నేనే. నీ కాలు పట్టుకున్న. ఇప్పుడు చెప్పేది ఇను. లోపలున్న గాలంత ఇడిసిపెట్టు. బెలూన్ల నుంచి పోయినట్టు. మల్ల పీల్చకు, నేను చెప్పేదాక."

ఇంకో చెయ్యి ఆమె నడుము దాకా చాచి, ముడుచుకున్న స్వెట్టరును వేళ్లకు అందినంత కిందికి లాగాడు. ఒకసారి కాలేదు. రెండోసారి ఉన్ని ఎక్కడో చిరిగి వదులైంది. పిల్ల ఊపిరి వదిలింది. అతను కాళ్లు పట్టి లాగాడు. జానెడు, ఇంకో జానెడు. వెనక్కి పాకడం ముందుకు పాకడం కంటే కష్టంగా ఉంది, ఎక్కడ తన్నుకుంటున్నాడో తనకే తెలియదు. వీపు మీద ఎండ పడినట్టు అనిపించినప్పుడు మాత్రం చిన్నపిల్లాడిలా పెద్ద శబ్దం చేసి ఏడ్చాడు. తరువాత గీత బయటికి వచ్చింది. మోకాళ్లు, మోచేతులు గీరుకుపోయి, జుట్టంతా మట్టితో, తండ్రి ముఖాన్ని వింతగా చూస్తోంది.

ఇద్దరూ చదును బండ మీద చాలాసేపు కూర్చున్నారు. నీళ్లతో ఆమె మోచేతులు కడిగాడు. గీత రొట్టె కూడా తిన్నది. తినేటప్పుడే అడిగింది.

"నువ్వు రోజూ గిట్లాంటి దాంట్లనే పనిచేస్తవా?"

"గింత ఇరుకుండదు. నిలవడొచ్చు."

"భయం కాదా?"

కాదు అనే మాట నోటి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. "అయితది" అన్నాడు.

గీత తల ఊపింది, అదేమీ పెద్ద విషయం కాదన్నట్టు. "దాదాకు గూడ అయితదట. నేను దాగుడుమూతలల్ల రూం తలుపు మూస్తె పరేషాన్ అయిండు. బాయి యాదికొస్తది, తలుపు తియ్యి బిడ్డ అన్నడు. ఎవలికి చెప్పొద్దన్నడు." కొంచెం ఆలోచించి, "నువ్వు ఎవలో కాదు గదా" అంది.

తిరుగు దారిలో సురేందర్ బండి నెమ్మదిగా నడిపాడు. ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. జమున పిల్ల మోచేతులు చూసి కోప్పడి, లోపలికి తీసుకుపోయి పసుపు పెట్టింది. భిక్షం మంచం మీద చేట పెట్టుకుని కందికాయలు ఒలుస్తున్నాడు. సురేందర్ వచ్చి మంచం కాళ్ల వైపు కూర్చున్నాడు. ముసలాయన ఆశ్చర్యంగా చూసి, కాళ్లు కొంచెం ముడుచుకుని చోటిచ్చాడు.

"బాపు, నీకు బాయిల భయమయ్యేదా?"

భిక్షం చేతులు ఆగలేదు. "పిల్ల చెప్పిందా?"

"చెప్పింది."

"చెప్పకుమంటి." రెండు కాయలు ఒలిచాడు. తరువాత లంబాడీలోకి మారాడు. ఆ భాషలో ఆయన గొంతు ఇంకా తగ్గింది. "నువ్వు మూడో తరగతి చదివేటప్పుడు మొదలైంది. ఏం కాలేదు. కప్పు కూలలే, నీళ్లు రాలే. ఒకనాడు బొగ్గు ఎత్తుతున్న, ఊపిరాడలే. గంతే."

"మరి ఇంక పదిహేడేండ్లు ఎట్ల దిగినవ్?"

"ఎట్ల దిగుతరు? నడుసుకుంట దిగుతరు."

సురేందర్ కూడా ఒక కాయ తీసుకుని ఒలిచాడు. గింజ ఒకటి కింద పడితే వంగి తీశాడు. తలెత్తకుండానే అడిగాడు. "అన్‌ఫిట్ ఎందుకు పెట్టినవ్? నాకోసమేనా?"

లోపల జమున, గీత మాట్లాడుకుంటున్నారు. ఎదురు క్వార్టర్ వాళ్లు గేటు కడుగుతున్నారు.

"మీ యాడి గంగాబాయికి గూడ నీకోసమనే చెప్పిన. తండాల అందరికీ గదే చెప్పిన" అన్నాడు భిక్షం. "నీకోసం కాదు. నేను బయటపడాలె. ఊరికే మానేస్తె ఇల్లు గడవదు, పిరికోడంటరు. నా జాగల ఒకరు దిగితెనే నేను పైకొస్త. నాకున్నది నువ్వొక్కనివే."

"నాకు గూడ గట్లనే అయితదని అనుకోలేదా?"

"అనుకున్న."

సురేందర్ చేతిలో కాయ అలాగే ఉంది.

"అనుకునే పెట్టిన" అన్నాడు ముసలాయన. "కొందరికి కాదు, నీకు గూడ కాదేమో అని చూసిన. నువ్వేం అనకపోతివి. కాలేదు గావచ్చు అనుకొని నిమ్మళంగున్న. రెండేండ్ల సంది ఆదివారం నువ్వు ఎండల కూసునుడు చూస్తున్న. అప్పటి సంది నాకు ఎరికే."

పన్నెండేళ్ల కోపం ఈ మాట కోసమే కాచుకుని ఉంది. తీరా మాట వచ్చేసరికి ఆ కోపాన్ని ఎక్కడ దించాలో సురేందర్‌కు తెలియలేదు. ఎదురుగా ఉన్న మనిషి చేసింది ఏమిటో అతనికి బాగా తెలుసు. పోయిన నెల ఆ సాయంత్రం, అచ్చం అదే పని, మనసులో, తనూ చేశాడు. చేసి హాయిగా నిద్రపోయాడు.

"నేను గూడ లెక్కేసిన బాపు" అన్నాడు. "గీతకు ఇరవై రెండేండ్లు ఎన్నడొస్తయని."

ఇప్పుడు భిక్షం చేతులు ఆగాయి. కొడుకు ముఖంలోకి చూశాడు. కళ్లలో నీళ్లు లేవు, ఏదో అడుక్కుంటున్నట్టు ఉంది చూపు.

"పిల్లను బాయిల పెట్టకు."

"పెట్టను."

"రిటైరయ్యేదాక ఇంక ఇరవై నాలుగేండ్లున్నది నీకు."

"తెలుసు."

చేటలో మిగిలిన కాయలు ఒలిచేదాకా సురేందర్ అక్కడే కూర్చున్నాడు.

అన్నాలు తిన్నాక జమునకు చెప్పాడు. గుట్టలో జరిగింది చెప్పాడు, బాయిలో జరిగేదీ చెప్పాడు. ఆమె గిన్నెలు సర్దడం ఆపి గోడకు ఆనుకుని విన్నది.

"రెండేండ్ల సందా?"

"ఔ."

"నాకెందుకు చెప్పలే?"

అతను కింద ఉన్న గిన్నె తీసి ఆమెకు అందించాడు. జమున కాసేపు ఆలోచించింది. "పైన పని అడుగు మరి."

"గా పైపని లిస్టుల నాకంటె ముందల చానమంది ఉన్నరు. నడుములు విరిగినోళ్లు, చెవులు పోయినోళ్లు. భయమని రాసిస్తె నవ్వుతరు."

"అట్లయితె కొన్నేండ్లు ఓపిక పట్టు. గీత డిగ్రీ అయినంక..."

"గీతకు వద్దు."

జమున ముఖం మారింది. "వద్దంటె ఎట్ల? నువ్వొక్కనివే అనుకుంటె అయితదా? ఆడపిల్ల. రేపు దానికే కొలువు దొరకకపోతె, చేతిల ఉన్నదాన్ని పోగొట్టిండని నిన్నే అంటది. అప్పుడేం చెప్తవ్?"

గీత అలా అనవచ్చు, నిజంగానే అనవచ్చు. "అంటె పడత" అన్నాడు. జమున తృప్తి పడలేదు. ఆ మాట అక్కడితో తెగలేదని, ఏళ్ల తరబడి ఇంట్లో తిరుగుతూనే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె చాప పరిచేటప్పుడు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. చల్లటి గాలి వచ్చింది. గీత దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది.

సోమవారం మొదటి షిఫ్టు. సురేందర్ హాజరు వేయించుకుని, లైటు తీసుకుని, అందరితో పాటు బాయి నోటి దగ్గరికి నడిచాడు. వీపు మీద గీరుకుపోయిన చోట బనియను అంటుకుని మంట పుడుతోంది. ఏటవాలు దారిలో దిగడం మొదలుపెట్టారు. మొదటి మలుపు దగ్గర పగటి వెలుతురు పోతుంది. ఎప్పుడూ అక్కడ పళ్లు బిగించి, ఎవరూ చూడకుండా తొందరగా దాటేస్తాడు. ఈసారి ఆగాడు. వెనుక వస్తున్న శ్యాం అతని భుజానికి తగిలాడు.

"ఏమైందన్న?"

"ఏం కాలే. భయమైతుంది. జర ఆగు."

శ్యాం నవ్వుతాడేమో అని చూశాడు. శ్యాం నవ్వలేదు. ఏమీ అడగనూ లేదు. పక్కకు జరిగి, వెనుక వచ్చేవాళ్లకు దారి ఇచ్చి, టోపీ లైటు కాళ్ల వైపు వంచి నిలబడ్డాడు. సురేందర్ గోడకు చెయ్యి ఆనించి నాలుగైదు సార్లు ఊపిరి పీల్చి వదిలాడు. భయం పోలేదు, కొంచెం పక్కకు జరిగిందంతే.

"పా" అన్నాడు.

ఇద్దరూ నడిచారు. పని జాగా చేరడానికి ఇంకా పావుగంట నడక ఉంది.